డబ్బు స్పీకరుకి, డబ్బా మన చేతికి

గిటారు వాయించే కుర్రాళ్లు ఆంప్లిఫయరు కొనడానికి వెళ్తే ముందు అడిగేది వాట్లు. పదిహేనా, ముప్ఫయ్యా, వందా? ఆ శబ్దం చివరికి ఎలాంటి చెక్క డబ్బాలోంచి బయటికొస్తుందో అడిగినవాణ్ణి నేను చూడలేదు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి అది "కాస్త పెరిగింది" అనిపిస్తుంది, అంతే. అదే 97 డెసిబెళ్ల సెన్సిటివిటీ ఉన్న స్పీకరు తీసేసి 100 ఉన్నది బిగిస్తే, పాత ఆంప్ మీదే ఆ రెట్టింపు ఫలితం వస్తుంది. అందుకే నా లెక్కలో చేతిలో ఉన్న డబ్బంతా స్పీకరుకి పోవాలి. డబ్బా మాత్రం ఇంట్లో కట్టుకోవాలి.

కట్టుకోవడానికి ఆదిత్యపూర్ లాంటి ఊరు దొరకడం అదృష్టం. ఖర్కాయ్ వంతెనకి అవతల జంషెడ్‌పూర్‌లో పెద్ద కర్మాగారాలు. ఇవతల వాటికి విడిభాగాలు చేసిపెట్టే చిన్న షెడ్లు, లారీ బాడీలు కట్టే యార్డులు. డబ్బా మీద అతికే రెగ్జిన్ ఆటో సీట్లు కుట్టేవాడి దగ్గర మీటర్ల లెక్కన దొరుకుతుంది. మూలలకి రేకు ముక్కలు, స్పీకరు బిగించే బోల్టులు, మోయడానికి పిడి... ఇవేవీ సంగీత వాయిద్యాల షాపులో కొనక్కర్లేదు.

అసలు నిధి ప్యాకింగ్ చెక్క. విదేశాల నుంచి యంత్రాలు వచ్చేది చాలావరకు పైన్ చెక్క పెట్టెల్లో. ఊళ్లో వాటికి విలువ లేదు. కానీ 1950లలో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ తన ట్వీడ్ ఆంప్‌ల డబ్బాలు కట్టించింది పైన్ పలకలతోనే. మూలల్లో పలకల అంచులు వేళ్లు పెనవేసినట్టు ఒకదాంట్లో ఒకటి దిగి ఉండేవి. పైన్ తేలిక, కాస్త మోగుతుంది కూడా. ఆ డబ్బాలున్న పాత ఆంప్‌లకి ఈరోజు లక్షలు పెట్టేవాళ్లున్నారు. మనవాళ్లు అదే జాతి చెక్కని చలికాలంలో గేటు దగ్గర నెగడు వేసుకుంటారు.

అయితే పలక ఎత్తుకొచ్చే ముందు దాని మీది ముద్ర చూడాలి. ఎగుమతి పెట్టెల చెక్క మీద ఐఎస్‌పిఎమ్ 15 అనే అంతర్జాతీయ నిబంధన ప్రకారం గోధుమ కంకి బొమ్మ, పక్కన అక్షరాలు ఉంటాయి. హెచ్‌టి అంటే వేడి చేసి పురుగు చంపినది. ఎంబి అంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించినది. ఎంబి నాకొద్దు, మీకూ వద్దు. హెచ్‌టి పలకనైనా చిత్రికకి ఇచ్చేముందు ఒక పాత స్పీకరు అయస్కాంతంతో ఆ చివర నుంచి ఈ చివరికి తడమాలి. లోపల విరిగిపోయిన మేకు ఒక్కటి మిగిలినా బ్లేడు పోతుంది, మిస్త్రీ మళ్లీ మన మొహం చూడడు. మేకులు లేవని చూపిస్తేనే అతను మెషిన్ ఆన్ చేస్తాడు, న్యాయమే.

పలకలు సన్నగా ఉంటాయి కాబట్టి రెండు మూడు ఫెవికాల్‌తో అంచుకి అంచు అతికి, క్లాంపులు వేసి ఓ రాత్రి వదిలేస్తే వెడల్పు వస్తుంది. స్పీకరు బిగించే ముందువైపు పలకకి మాత్రం 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డే వాడతాను, నీటిని తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం. పార్టికల్ బోర్డు చవకే, కానీ బరువు ఎక్కువ, స్క్రూ పట్టు తక్కువ. మా వానాకాలం ముగిసేసరికి అంచులు ఉబ్బుతాయి. పన్నెండు అంగుళాల సెలెస్టియన్ స్పీకరుకి కన్నం 283 మిల్లీమీటర్లు. వేరే కంపెనీదైతే స్పీకరు చేతికొచ్చాకే కొలవండి.

డీజే బాక్సులు కట్టే మిస్త్రీలు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. చెయ్యి తిరిగినవాళ్లే. గిటారు డబ్బా అంటే మాత్రం వాళ్లు మందంగా, గట్టిగా, పైన ట్వీటరుతో కట్టబోతారు. అక్కడ ఆపాలి. గిటారు స్పీకరు పలికేది సుమారు 75 నుంచి 5,000 హెర్ట్జ్ దాకానే, పైన ఉన్నదంతా అది కత్తిరించి పారేస్తుంది. ఆ కత్తిరింపు లేకపోతే డిస్టార్షన్ ఇనుప రేకు మీద రంపం పెట్టినట్టుంటుంది. గిటారుకి స్పీకరు కూడా వాయిద్యంలో భాగమే: 1964లో కింక్స్ బృందంలోని డేవ్ డేవీస్ చిన్న ఆంప్ స్పీకరు కోన్‌ని బ్లేడుతో కోసి మరీ గరుకు శబ్దం రాబట్టాడు. ఇంట్లో సినిమాలు చూసుకునే స్పీకర్ల లెక్క వేరు. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత రిచర్డ్ స్మాల్ వేసిన సూత్రాలు వాటికి ప్రాణం, అక్కడ డబ్బా తన గొంతు కలపకూడదు. గిటారు డబ్బా బొబ్బిలి వీణ కుండ లాంటిది. పనస దుంగ తొలిచిన ఆ కుండ పలక్కపోతే తీగ ఎంత మీటినా ఏం లాభం?

వెనక మూయాలా, వదిలేయాలా అని అందరూ అడుగుతారు. కోన్ ముందుకి తోసిన గాలీ వెనక్కి తోసిన గాలీ ఒకదానికొకటి ఎదురు. రెండూ కలిస్తే కింది స్వరాలు చచ్చుబడతాయి. వెనక పూర్తిగా మూస్తే ఆ కలయిక ఆగుతుంది, శబ్దం బిగుతుగా, ముందుకే దూసుకొస్తుంది. తెరిస్తే గదంతా పరుచుకుంటుంది. నా ఓటు మధ్యేమార్గానికి: వెనక పలక మూడింట రెండొంతులు మూసి, స్క్రూలతో. నచ్చకపోతే మర్నాడు విప్పేయొచ్చు.

స్పీకరు కోసం కలకత్తా చాందినీ మార్కెట్‌కి వెళ్లి, స్టీల్ ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్లో పెట్టుకొచ్చేవాళ్లు ఇక్కడ ఉన్నారు. సెకండ్ హ్యాండ్‌దైతే కోన్‌ని రెండు చేతుల వేళ్లతో సమంగా లోపలికి నొక్కి చూడండి, లోపల గీరుకున్న చప్పుడు వస్తే తిరిగిచ్చేయండి. మీటరు పెడితే 8 ఓముల స్పీకరు ఆరు, ఏడు మధ్య చూపిస్తుంది, అది లోపం కాదు. అలాంటివి రెండు పక్కపక్కన కలిపితే 4 ఓములు, వరుసగా కలిపితే 16. మీ ఆంప్ వెనక రాసి ఉన్న అంకెకి ఏది సరిపోతుందో చూసుకోండి. వాల్వు ఆంప్‌ని స్పీకరు తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చెయ్యకండి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

మొదటిసారే మార్షల్‌లా నాలుగు స్పీకర్ల డబ్బా కడతామంటారు కుర్రాళ్లు. అద్దె ఇంట్లో అది మోసేదెవరు, పక్కింటాయన ఊరుకునేదెన్నాళ్లు? ఒకే స్పీకరు, ఇరవై అంగుళాల వెడల్పు, పద్దెనిమిది ఎత్తు, పది లోతు. చిన్న హాలుకి అది చాలు.

ఇక షెడ్ల యజమానులకి ఒక మాట. ఎంబి ముద్ర ఉన్న చెక్కని అసలు కాల్చకండి, కాల్చనివ్వకండి. హెచ్‌టి ఉన్న పలకల్లో ఓ పది గేటు పక్కన ఆనించి పెట్టించండి. గిటారు భుజాన వేసుకుని ఎవడైనా కుర్రాడు వచ్చి అడిగితే, లేదనకుండా ఇచ్చేయండి.