సెకనుకు 24 బొమ్మలు, సమంగా

పెద్ద టీవీ పనితనం తెలియడానికి ఫైట్ సీన్లు అక్కర్లేదు. కెమెరా నింపాదిగా పక్కకు తిరిగే షాటు ఒక్కటి చాలు. అందులో నిలువుగా ఉన్నదేదో, ఒక కరెంటు స్తంభమో కొబ్బరిచెట్టో, దాని మీదే చూపు నిలపండి.

మూకీలు పోయి టాకీలు వచ్చిన 1920ల చివర్లో సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు ఖాయమయ్యాయి. తెర 24 సార్లే వెలిగి ఆరితే బొమ్మ మిణుకుమంటుంది. అందుకని ప్రొజెక్టర్ షట్టర్ ఒక్కో ఫ్రేమునూ రెండుసార్లు, కొన్ని ప్రొజెక్టర్లలో మూడుసార్లు చూపించేది. ఎన్నిసార్లు చూపినా అన్ని ఫ్రేములకూ ఒకే లెక్క.

సెకనుకు 60 సార్లు బొమ్మను చూపే 60 హెర్ట్జ్ టీవీ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. 60ని 24 సమంగా భాగించదు. ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతి దాన్ని రెండుసార్లు చూపించాలి. అంటే ఒకటి 50 మిల్లీసెకన్లు నిలిస్తే, దాని పక్కది 33 మాత్రమే. చిన్న టీవీలో ఇది అంతగా తెలియదు. 65 అంగుళాల తెర వెడల్పు దాదాపు 144 సెంటీమీటర్లు. మన స్తంభం మూడు సెకన్లలో ఆ చివరికి చేరాలంటే ప్రతి ఫ్రేముకూ 2 సెంటీమీటర్లు గెంతాలి. గెంతు ఎలాగూ తప్పదు. గెంతుకూ గెంతుకూ మధ్య వ్యవధి మారుతుంటే మాత్రం నడక కుంటుపడుతుంది.

120 హెర్ట్జ్ తెర మీద ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఐదుసార్లు. అయితే చాలాసార్లు టీవీకి చేరే సిగ్నల్ అప్పటికే మూడు-రెండుగా కలిసిపోయి ఉంటుంది. మంచి ప్రాసెసర్ అందులోని వరసను పసిగట్టి, నకళ్లను ఏరేసి, అసలు 24నూ బయటికి తీసి, ఒక్కోదాన్ని ఐదేసి సార్లు చూపిస్తుంది. మధ్యలో వరస తెగితే మళ్లీ వెంటనే అందుకుంటుంది. ఇంత చేసీ కొత్త బొమ్మ ఒక్కటి కూడా పుట్టించదు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చింది ఆ నిగ్రహమే.

ఓలెడ్ తెరల సంగతి కొంచెం వేరు. వాటి పిక్సెళ్లు రెప్పపాటుకన్నా వేగంగా మారతాయి కాబట్టి, ఒక ఫ్రేము కదలకుండా నిలిచి చటుక్కున తర్వాతిదవుతుంది. వ్యవధి సమంగా ఉన్నా వేగంగా తిరిగే షాట్లలో అదురు కనిపిస్తుంది. అక్కడ ఆదుకునేది ఛాయాగ్రాహకుడే. ఒక్కో ఫ్రేమును సెకనులో 48వ వంతు సేపు వెలుగుకు చూపి, కదిలే వస్తువు అంచును కాస్త చెరుపుతాడు, కెమెరాను తొందరపడి తిప్పడు.

లేని ఫ్రేములను ఊహించి ఇరికించే మోషన్ స్మూతింగ్ క్రికెట్‌కు పనికొస్తుందేమో గానీ, సినిమాను సీరియల్‌లా మార్చేస్తుంది. దాన్ని ఆపేయమని 2018లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ వీడియో చేసి మరీ అడిగారు. మరుసటి ఏడు, స్మూతింగ్‌ను ఆపేసే ఫిల్మ్‌మేకర్ మోడ్ ప్రకటన వెలువడింది.

మీ టీవీలో ఆ మోడ్ ఉంటే ఈ రాత్రే పెట్టండి. లేకపోతే సెట్టింగుల్లో మోషన్ స్మూతింగ్‌ను ఆపి, సినిమా చివర పైకి జరిగే పేర్లను చూడండి. అక్షరాలు ఒకే తీరున కదులుతుంటే మీ టీవీ లెక్క సరిగ్గా ఉన్నట్టే.