నెక్‌కు చిత్రిక

ఏప్రిల్ దాటిందంటే అనంతపురంలో గిటార్ వాయించేవాళ్లకు ఒక చికాకు మొదలవుతుంది. నెక్ అంచు వెంట చెయ్యి జరిపితే ఫ్రెట్ల కొనలు రంపపు పళ్లలా గీసుకుంటాయి. కొన్న రోజున లేని పళ్లు ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చాయి? కొయ్య ఆరితే అడ్డంగా కుంచించుకుంటుంది, పొడవునా దాదాపు కుంచించుకోదు. లోహపు ఫ్రెట్ మాత్రం ఎప్పటి పొడవుతోనే ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఈ వాననీడ పీఠభూమిలో, ఫ్యాక్టరీ గదిలోని తేమకు అలవాటుపడి వచ్చిన నెక్ ఒక్క వేసవిలోనే సన్నబడుతుంది, ఫ్రెట్ల కొనలు బయటికి పొడుచుకొస్తాయి. సన్న ఆకురాయిని ఏటవాలుగా పట్టి ఆ కొనలను రుద్దేస్తే ఆ బాధ తీరిపోతుంది. తీరనిది నెక్ వెనకవైపు, బొటనవేలు ఆనే చోట ఉంటుంది.

మా ప్రాంతంలో ఎలక్ట్రిక్ గిటార్ ఎక్కువగా వినపడేది చర్చిలో, కాలేజీ వార్షికోత్సవాల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో. కొనడం ఆన్‌లైన్లో, లేదంటే బెంగళూరు వెళ్లినప్పుడు. నాలుగు గిటార్లు పట్టి చూసి, చేతికి ఏది నప్పుతుందో తేల్చుకుని కొనేవాళ్లు తక్కువ. వచ్చినదానికే చేతిని అలవాటు చేసుకుంటారు. బొటనవేలి మొదట్లో నొప్పి పుడితే సాధన చాలలేదని చెబుతారు. ఆ మాట మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మణికట్టును వంచుకుంటూ పోవడం కన్నా కొయ్యను కాస్త చెక్కుకోవడం మేలు.

నెక్ ఆకారం శాసనమేమీ కాదు. తయారుచేసినవాళ్లే దాన్ని పదేపదే మార్చారు. 1950ల తొలినాళ్ల ఫెండర్ టెలీకాస్టర్ నెక్‌లు మందంగా, అంగుళం దాకా ఉండేవి. ఆ దశాబ్దం నడుమ దాటాక అదే కంపెనీ వెన్ను కోసుగా ఉండే ‘వీ’ ఆకారానికి, తర్వాత పలచటి ‘సీ’ ఆకారానికి వెళ్లింది. గిబ్సన్ లెస్‌పాల్ 1959 నాటి నెక్ నిండుగా గుండ్రంగా ఉంటే, మరుసటి ఏడాదిది పలచబడి చదునైంది. ఆ రెండింటిలో ఏది గొప్పదని గిటారిస్టులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఎవరి చేతికి అన్నది మాత్రం అడగరు.

వాద్యాన్ని మన వాటానికి తెచ్చుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనసకొయ్యతో చేసే వీణకు 24 మెట్లనూ మైనం మీద నిలబెడతారు. స్వరస్థానం తప్పితే ఆ మైనాన్ని కరిగించి మెట్లు మళ్లీ కట్టించుకుంటారు. వీణ ఒకసారి చేసి చేతులు దులుపుకునే వస్తువు కాదన్నమాట. ఇంకా దగ్గరి ఉదాహరణ ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆయన చేతికి చిక్కిన మాండొలిన్‌కు మామూలుగా ఎనిమిది తీగలు, జతలు జతలుగా ఉంటాయి. జత తీగలను ఒక్క వేలితో పక్కకు లాగి గమకం పలికించాలంటే రెండూ ఒకే శ్రుతిలో కదలాలి. అది మహా కష్టం. ఆయన జతలను వదిలేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు మారారు. తీగ మీటిన తర్వాత నాదం నిలిచే సమయం పెరిగింది, గమకానికి చోటు దొరికింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసేనాటికి ఆయన తొమ్మిదేళ్ల పిల్లవాడు. తర్వాతి కాలంలో అప్పటి మా జిల్లాలోని పుట్టపర్తిలో ఎన్నోసార్లు వాయించారు.

ఇదే గమకం కోసం గిటార్‌ను చెక్కించుకున్నవాడు జాన్ మెక్‌లాఫ్లిన్. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్న ఈయన, 1970లలో శక్తి బృందం కోసం ఫ్రెట్ల నడుమ కొయ్యను గుంటలుగా తవ్విన గిటార్ చేయించుకున్నాడు. గుంట ఉంటే వేలికొన కొయ్యను తాకదు, తీగ ఒక్కటే వేలికి తగులుతుంది. పక్కకు లాగడం సులువవుతుంది. అయితే గట్టిగా నొక్కే అలవాటున్నవాళ్లు వాయిస్తే ప్రతి స్వరమూ శ్రుతికి పైన పలుకుతుంది. తొంభైల చివర్లో రిమెంబర్ శక్తి అనే బృందం మొదలయ్యాక శ్రీనివాస్, మెక్‌లాఫ్లిన్ ఒకే వేదిక ఎక్కారు. తమ వాద్యాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోని ఇద్దరు అలా ఒకచోట చేరారు.

ఫ్రెట్ల నడుమ తవ్వడం అందరికీ అక్కర్లేదు. నెక్ వెనక చెక్కడం చాలామందికి పనికొస్తుంది. ఉలి పట్టేముందు మాత్రం నొప్పి నిజంగా నెక్ నుంచే వస్తోందో లేదో తేల్చుకోవాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ రెండు మిల్లీమీటర్లకు మించి ఎత్తులో ఉంటే ముందు దాన్ని దించండి. పది నంబరు తీగల సెట్ తీసేసి తొమ్మిది వేసి చూడండి. గిటార్ మోకాళ్ల దాకా వేలాడుతుంటే పట్టీ బిగించండి, మణికట్టు దానంతటదే నిటారవుతుంది. చెమట చేయి మెరిసే పాలిష్‌కు అతుక్కుపోతుంటే గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో నెక్‌ను పొడవునా రుద్ది మెరుపు చంపేయండి. సగం మందికి సమస్య ఇక్కడే తీరిపోతుంది. ఇది ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఇందులో గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఇన్ని చేసినా అరచేయి నిండా దుంగ పట్టుకున్నట్టే ఉంటే అప్పుడు కొలతలు తీయాలి. కాలిపర్‌తో మొదటి ఫ్రెట్ దగ్గర, పన్నెండో ఫ్రెట్ దగ్గర మందం చూసి రాసిపెట్టుకోవాలి. ఈ రోజుల్లో చాలా గిటార్లకు మొదటి చోట 20, 21 మిల్లీమీటర్లు, రెండో చోట 22, 23 ఉంటుంది. మందం ఒక్కటే చూస్తే మోసపోతాం. రెండు నెక్‌ల మందం ఒకటే అయినా, భుజాలు నిండుగా ఉన్నది లావుగా అనిపిస్తుంది. భుజం అంటే వెన్నుకు, ఫింగర్‌బోర్డు అంచుకు మధ్యనున్న ఒంపు. అరచేతి మడత ఆనేది అక్కడే. కాబట్టి చాలా సందర్భాల్లో వెన్నును ముట్టుకోకుండా రెండు భుజాల నుంచి అర మిల్లీమీటరు తీస్తే చాలు, చెయ్యి ఊపిరి పీల్చుకుంటుంది. నచ్చిన స్నేహితుడి గిటార్ ఏదైనా ఉంటే అట్టముక్క కత్తిరించి దాని ఒంపును అచ్చు తీసుకోవచ్చు.

వెన్ను జోలికి వెళ్లకపోవడానికి ఇంకో కారణం లోపలుంది. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేటెంటు 1923లో మంజూరైనప్పటి నుంచి గిటార్ నెక్‌లలో ట్రస్ రాడ్ అనే ఉక్కు ఊచ ఉంటోంది. ఆరు తీగలూ కలిసి నెక్‌ను సుమారు 45 కిలోల బలంతో ముందుకు లాగుతుంటే, ఆ ఊచ వెనక్కి నిలబెడుతుంది. ఫింగర్‌బోర్డు మందం ఐదారు మిల్లీమీటర్లు, ఊచ కోసం తవ్విన గాడి మరో తొమ్మిది, పది. మొత్తం నెక్ 20 అయితే ఊచ వెనక మిగిలిన కొయ్య నాలుగైదు మిల్లీమీటర్లే. అందులో రెండు చెక్కేస్తే ఏదో ఒక రోజు కొయ్య చీలి ఊచ బయటికి చూస్తుంది. పాతకాలపు వంపు ఊచ ఉంటే అది నెక్ నడుమ భాగంలో వెన్నుకు మరీ దగ్గరగా ఉంటుంది. గిటార్‌లో ఏ రకం ఊచ ఉందో తెలుసుకోకుండా పని మొదలుపెట్టడం తెలివితక్కువ.

నాలుగు మరలతో బిగించిన నెక్ అయితే విప్పి బల్లమీద పెట్టుకోవచ్చు. తీగలు తీసి, ఊచను వదులు చేసి, ఫ్రెట్ల మీద కాగితపు టేపు అంటించాలి. కొయ్యపని తెలిసిన వడ్రంగి మొదట గుండ్రంగా చెక్కడు. మంచం కోడును గుండ్రం చేసేటప్పుడు ముందు పలకలు తీసి, ఆ పలకల మూలలను మళ్లీ పలకలు చేసి, చివరికి గుండ్రం తెస్తాడు. నెక్‌కూ అదే పద్ధతి. వెన్ను నడుమ పెన్సిల్ గీత గీసి, దాన్ని చెరిగిపోనివ్వకుండా, భుజాల మీద పొడవాటి సన్న పలకలు రెండువైపులా సమానంగా తీయాలి. మొరటు ఆకురాయితో మొదలుపెట్టినా త్వరగా గీకుడు రేకుకు మారాలి. రేకు లేనప్పుడు పగిలిన గాజు అంచుతో గీకే పాత వడ్రంగులు ఇప్పటికీ ఉన్నారు. ఆకురాయి కొయ్యను కొరుకుతుంది, రేకు మాత్రం ఉల్లిపొరంత పొట్టు తీస్తుంది. కొయ్య నార ఎటువైపు పోతుందో చూసి అటే గీకాలి, ఎదురు గీకితే పెచ్చు లేస్తుంది.

మధ్యమధ్యలో గదిలో దీపాలార్పి, నెక్ పక్కన ఒక్క బల్బు పెట్టి చూస్తే కంటికి కనపడని గతుకు నీడై కనపడుతుంది. కళ్లు మూసుకుని చేత్తో నిమిరితే ఇంకా బాగా తెలుస్తుంది. తర్వాత 120 నుంచి 320 దాకా గరుకు కాగితాలు వరుసగా. కాగితాన్ని పట్టీగా చీల్చి, బూటు పాలిష్ చేసినట్టు అటూఇటూ లాగితే పలకల మూలలు కలిసిపోతాయి. ఓసారి తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నార లేస్తుంది. దాన్ని మళ్లీ సన్న కాగితంతో దించి, టంగ్ నూనె పలచగా రెండు మూడు పూతలు వేసి, పైన మైనం రుద్దాలి.

అన్నిటికన్నా కష్టమైనది ఆగడం. సగం పని కాగానే తీగలు కట్టి రెండు మూడు రోజులు వాయించాలి. మొదటి గంటలో లావు అనిపించిన నెక్ మూడో రోజుకు సరిపోవచ్చు. మరీ పలచబడితే ఇంకో ఇబ్బంది, పట్టు దొరక్క బొటనవేలు ఇంకా బలంగా నొక్కి మళ్లీ నొప్పే పుడుతుంది. పెద్ద చేతులవాళ్లకు కావలసింది నిజానికి లావు నెక్కే కావచ్చు. వాళ్లు గీకుడు రేకు పక్కన పెట్టి, గిటార్ మార్చుకోవడం నయం.

చెక్కిన గిటార్‌కు వారంటీ పోతుంది, మళ్లీ అమ్మితే ధర పడుతుంది. జిగురుతో అతికించిన నెక్, పూర్తిగా లక్క పూసిన పాత గిటార్, తాతగారు వాయించిన వాద్యం, వీటి మీద చిత్రిక పట్టకండి. చేయి తిరగడానికి ఐదారు వేల రూపాయల సెకండ్‌హ్యాండ్ గిటార్ ఒకటి కొని, దాని నెక్ పాడుచేసుకోండి.