‘ఎల్డెన్ రింగ్’ క్రీడలో బలాబలములు

జపాను సంస్థయగు ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2022లో వెలువరించిన ‘ఎల్డెన్ రింగ్’ వీడియో క్రీడ కఠినమైనదని ప్రసిద్ధి. ఇందు వీరునకు ఎనిమిది గుణములు గలవు. శత్రువులను జయించి సంపాదించిన రూనులు వెచ్చించి ఒక్కొక్క గుణమును 99 వరకు పెంచవచ్చును. వృద్ధి మాత్రము సమముగా నుండదు. జీవబలమును 40 నుండి 60కి పెంచినచో ప్రాణపరిమాణము 1450 నుండి 1900 అగును. తరువాత 39 మెట్లెక్కినను లభించునది 200 మాత్రమే! ఎరువు రెట్టింపయినంతనే పంట రెట్టింపు కాదని యెరిగిన రైతుబిడ్డకు ఇది వింత గాదు. కాని చేతనున్న రూనులతో కొనదగిన వృద్ధినే తెర చూపును. ఆపైన రేఖ ఎట్లు వంగునో చూపదు.

ఆయుధముల విషయమున ఈ క్రీడ ఉదారమైనది. రెండు చేతులతో పట్టినచో బలము ఒకటిన్నర రెట్లుగా లెక్కకు వచ్చును. కనుక 60 బలము కోరు ‘జెయింట్ క్రషర్’ అను సమ్మెటను 40 గలవాడును ప్రయోగించి చూడవచ్చును. ‘యాషెస్ ఆఫ్ వార్’ అను యుద్ధవిద్యలను సాధారణాయుధములలో ఒకదాని నుండి తగిన వేరొకదానికి మార్చుటకు రుసుము లేదు. నచ్చనిచో మరల మార్చుకొనవచ్చును. పాఠశాల ప్రయోగశాలలోనైనను ఇంత స్వేచ్ఛ అరుదు.

గుణముల విషయమున ఇట్టి వీలు తొలుత లేదు. రెన్నాలా అను రాణిని ఓడించిన పిదపనే, అదియు పరిమితముగా దొరకు ‘లార్వల్ టియర్’ను ఒకదానిని సమర్పించి, వానిని తిరిగి పంచుకొనవలెను. అంతవరకు క్రొత్తవాడు, లోపము తన చేతిదో తన లెక్కదో తెలియక, పలుమార్లు చచ్చుచుండును.