తెర వెనక్కి

మంగళవారం మా మనవరాలి బడిలో తోలుబొమ్మలాట. పిల్లల వెనక, గోడవారగా వేసిన కుర్చీలో కూర్చున్నాను. ఆట మొదలవబోతుంటే ఒక టీచరు లేచి, ‘అందరూ జాగ్రత్తగా వినండి, రేపు పది వాక్యాలు రాసుకురావాలి’ అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదల తెలిసిందే. కళను పిల్లల ముందు పెట్టండి, పాఠం చేయకండి. ఢిల్లీ ఐఐటీ ఆచార్యులు కిరణ్ సేఠ్ 1977లో స్పిక్ మెకే మొదలుపెట్టిన దగ్గర్నుంచి పెద్ద పెద్ద విద్వాంసులు బడులకూ కాలేజీలకూ నడిచి వస్తున్నారు. కొలంబియాలో చదువుకునే రోజుల్లో ఆయన న్యూయార్కులో విన్న డాగర్ల ధ్రుపద్ కచేరీ దానికి బీజం. ఆ సంస్థంటే నాకు గొప్ప గౌరవం. కాస్త పాడి కాస్త వివరించే లెక్చర్ డెమాన్‌స్ట్రేషన్ పద్ధతితోనే నా పేచీ. రాగం పేరు తెలియకముందే రాగం చెవిన పడాలంటాను.

ఈ పట్టుదల నాకు మా తాతయ్య దగ్గర అబ్బింది. నాకు ఎనిమిదేళ్లప్పుడు, కోతలయ్యాక, మా ఊరి రచ్చబండ దగ్గర బొమ్మలాట కట్టారు. తెల్ల పంచెలు కలిపి కుట్టిన తెర, వెనక పెట్రోమాక్సు లైటు. యుద్ధం వచ్చినప్పుడల్లా ఆటగాళ్లు చెక్కపలకల మీద కాళ్లతో తొక్కే చప్పుడుకు గుండె అదిరేది. జుట్టుపోలిగాడూ బంగారక్కా తిట్టుకుంటుంటే ఊరంతా విరగబడి నవ్వేది. లక్ష్మణుడు మూర్ఛపోకముందే నేను తాతయ్య ఒళ్లో నిద్రపోయి, సంజీవని వచ్చాక లేచాను. తెల్లారుతుండగా తెర వెనక్కి వెళ్లబోతే ఆయన చెయ్యి పట్టుకుని లాగాడు. ‘వద్దు నాన్నా, బొమ్మ చచ్చిపోద్ది.’

యాభై ఏళ్లకు పైగా ఆ మాట నమ్మాను.

మంగళవారం ఆట అరగంటలో ముగిసింది. ఆడించిన పెద్దాయన నిమ్మలకుంట మనిషి. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికే 2020లో పద్మశ్రీ వచ్చింది. పెద్దాయన పిల్లల్ని తెర వెనక్కి పిలిచి, సీతమ్మ బొమ్మను దీపానికి అడ్డంగా ఎత్తారు. పల్చటి మేకతోలు. రంగు అద్దిన చోటల్లా వెలుతురు ఎర్రగా, పచ్చగా అవతలికి దిగుతోంది. మెడలో ధగధగలాడిన హారం ఉత్త చిల్లులు, ఉలితో ఒక్కొక్కటే కొట్టినవి. ‘ఇదో చూడు పాపా, ఇక్కడ తోలూ లేదు, రంగూ లేదు. దీపమే నగ’ అన్నారాయన. నడుమ బద్ద తాను పట్టుకుని, చేతికి కట్టిన పుల్ల మా మనవరాలికిచ్చారు. సీతమ్మ చెయ్యెత్తింది.

అయిపోయింది, ఇక బొమ్మ చచ్చిపోయింది అనుకున్నాను. పిల్లలు బిలబిలమంటూ తెర ముందుకు పరుగెత్తి, ‘తాతా, ఇంకోసారి!’ అన్నారు. ఆయన మళ్లీ అశోకవనం ఎత్తుకున్నారు. మా మనవరాలు పక్కపిల్ల చెవిలో ‘ఆ హారం చిల్లులేనే’ అని చెబుతూనే ఉంది. సీతమ్మ ఏడుస్తుంటే కళ్లు తుడుచుకుంటూనూ ఉంది.

వివరణ మీద ఇన్నాళ్లూ నేను రాసినదాంట్లో సగమైనా వెనక్కి తీసుకోవాలి. ఆ బొమ్మను కోసిన చెయ్యే విప్పి చూపిస్తే పిల్లలకు అది ఇంకా దగ్గరవుతుంది. పది వాక్యాల మీద నా కోపం మాత్రం తగ్గలేదు.

బొమ్మలు సర్దుతుంటే దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. పెద్దాయన నా ముఖం చూసి, అడక్కుండానే పుల్ల నా చేతిలో పెట్టారు. అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు.