ఉలి పదును

వికారాబాదు దాటి తాండూరు మీదుగా వాడి వైపు సాగు రైలుమార్గము 1874 నాటిది. దాని వెంట దేశదేశములకు తరలిన తాండూరు బండను, ఆ నీలి, పసుపు వన్నెల నునుపును మెచ్చుకొనువారు, దానిని తొలిచిన చేతినైనను ఒకప్పుడు తలతురేమో కాని, ఆ చేతిలోని ఉలికి పదును పెట్టిన కమ్మరిని తలచుట అరుదు. పనిముట్టును కాపాడుకొనుట పనిలో సగమని నా దృఢవిశ్వాసము.

తాండూరు రాయి పురాతన సముద్రగర్భమున పొరపొరగా పేరుకొనిన సున్నపురాయి. పనివాడు పొరల సందును కనిపెట్టి, వరుసగా ఉలులు దిగగొట్టి, గడ్డపారతో మెల్లగా ఎత్తినచో బండ తనంత తానే విడివడును. ఉలి మొద్దువారినచో సందున దిగక రాతిని నలుగగొట్టును. బీట దారి తప్పును. మంచి బండ ముక్కలగును.

సున్నపురాయి ఉక్కు కంటె మెత్తనిదే అయినను, అందు చేరిన ఇసుకరేణువులు అంచును నిరంతరము అరగదీయును. ఇటు సుత్తి దెబ్బలకు ఉలి తల పుట్టగొడుగువలె విచ్చుకొనును. ఆ అంచులు విరిగి పెళ్లలై కంటికి ఎగురు ప్రమాదము కలదు గనుక వానిని ఎప్పటికప్పుడు అరగదీసి వేయవలెను.

కొలిమి యొద్ద జరుగు పని మిక్కిలి సూక్ష్మమైనది. కమ్మరి ఉలి కొనను ఎఱ్ఱగా కాల్చి, దాగలిపై సాగగొట్టును. తెల్లగా కాలనిచ్చినచో ఉక్కులోని కర్బనము దగ్ధమగును. చల్లారినపిదప కొట్టినచో పగులును. మరల ఎఱ్ఱగా కాల్చి, కొనను మాత్రమే నీట ముంచి, తడిసిన మేరకు పైన గీతవంటి ఎల్ల ఏర్పడకుండ పైకి క్రిందికి కదలించును; అట్టి ఎల్ల యేర్పడినచో ఉలి అచ్చటనే విరుగును. పిమ్మట కొనను రాతిపై రుద్ది మెఱయించి, ఉలి పైభాగమున మిగిలిన వేడి కొనకు ప్రాకుచుండగా రంగులు గమనించును: మొదట లేత గడ్డివన్నె, పిదప గోధుమ, ఆ మీదట ఊదా, తుదకు నీలము. సుమారు 280 డిగ్రీల వేడిమిని తెలుపు ఊదావన్నె కొనకు చేరిన క్షణముననే మరల నీట ముంచును. గడ్డివన్నెలోనే ఆపినచో అంచు పెళుసై రాలును. నీలము దాటనిచ్చినచో మెత్తబడి వంగును. తలకు మాత్రము ఈ కాఠిన్యము ఎన్నడును ఈయరాదు.

నేడు వజ్రపు పండ్ల చక్రములు బండల అంచులను కోయుచున్నవి. వానికిని నీటి చలువ కావలెను. పండ్లు నునుపెక్కినపుడు గరుకు ఇటుకపై నడిపి లోని వజ్రకణములను బయటపెట్టవలెను. యంత్రము మారినను ధర్మము మారలేదు. కొలిమి విద్యను పూర్వాచారముగా మాత్రమే గాక పదార్థవిజ్ఞానముగా గుర్తించి, కమ్మరుల చెంతనే యువకులకు నేర్పించుట తాండూరు గనులకు మేలు. ఏలయన, కాఠిన్యమునకు ఓర్పును ఎంత మేళవింపవలెనో కంటితో నిర్ణయింపగల నేర్పు ఒక్కసారి చేజారినచో, పుస్తకములు చదివి తిరిగి సంపాదించుట దుర్లభము.