బొమ్మలూ పాత్రలూ

చరోదాలో ఒక మిత్రుని యింట అద్దాల బీరువా నిండా యాత్రాస్మృతులుగా తెచ్చుకున్న బొమ్మలున్నవి: మట్టితో చేసిన సంతాలు దంపతులు, పింగాణీ రష్యా పడుచు. 1955 ఒప్పందంతో సోవియట్ సాయాన వెలసిన భిలాయి చెంత ఆ పడుచు కనిపించడం వింత కాదు.

ఇట్టి బొమ్మలకు గ్రంథాలతో చుట్టరికమున్నది. రష్యా సామ్రాజ్యంలోని జాతులను గురించి గెయోర్గీ 18వ శతాబ్దంలో వెలువరించిన గ్రంథంలోని చిత్రాలే సెంట్ పీటర్స్‌బర్గు రాజ కర్మాగారపు పింగాణీ బొమ్మలకు ఒరవడి అయినవి. 1907లో కామెన్‌స్కీ మరొక వరుసను ఆరంభించాడు. వేషభూషలలో ఆ పనితనం శ్లాఘనీయం. కాని బొమ్మకు జాతి పేరే మిగిలింది. మనిషి పేరు లేదు.

మన కథలలోని గోండు, కోయ పాత్రలు ఇంతకంటె మెరుగా? పూసలూ విప్పసారా వర్ణిస్తే పాత్రచిత్రణ ముగిసిందనుకుంటున్నాము. ఈ దోషం నాదీ. ఒకప్పుడు ఒక గోండు స్త్రీ మాటలను తెనిగిస్తూ యాసను ముద్దుగా నిలిపాను. ఆమె కోపాన్ని పోగొట్టాను. పాఠకులు మెచ్చుకున్నారు. మూలంతో మళ్లీ సరిచూచినప్పుడు సిగ్గుపడ్డాను.

బస్తరు కుమ్మరి కాల్చిన మట్టి ఏనుగు గుడిలో మొక్కుబడి, బీరువాలో అలంకారం. బొమ్మను కొనుక్కోవడం తప్పు కాదు. దానిని చూచి మనిషిని రాయడమే తప్పు.