యెషయా 28లో నల్ల జీలకఱ్ఱ, జీలకఱ్ఱ: పేర్ల పోలిక, అర్థ భేదము

యెషయా 28:23–29లోని రైతు ఉపమానమును బోధించుచు, నల్ల జీలకఱ్ఱను పాపికిని తెల్ల జీలకఱ్ఱను విశ్వాసికిని పోల్చిన ప్రసంగములను మేము విన్నాము. నలుపు అను మాట మన సమాజములో ఎవరిని గాయపరచుచున్నదో తెలిసిన కాపరి ఇట్టి పోలికను సులభముగా వదలిపెట్టరాదు. అసలు దీనికి మూలములో ఆధారమున్నదా?

లేదు. హెబ్రీలో మొదటిది 'కెత్సహ్', రెండవది 'కమ్మోన్'. వీటికి ధ్వనిలో సంబంధము లేదు, రంగు ప్రస్తావనయు లేదు. మత్తయి 23:23లోని గ్రీకు 'కుమినోన్' కమ్మోనుకు సంబంధించిన పదమే. అది మన జీలకఱ్ఱ. కెత్సహ్‌ను సెప్టువజింటు అనువాదకులు 'మెలంథియోన్' అన్నారు. నలుపు అర్థము ఆ గ్రీకు పేరులో ఉన్నది. అది నేడు మన అంగళ్లలో కలోంజీ అను పేరుతో దొరకు గింజ. మొక్కగా చూచినచో జీలకఱ్ఱకు చుట్టములు ధనియాలు, సోపు. కలోంజీది వేరే కుటుంబము. వీటిని ఒకే ఇంటివిగా చేసినది మన తెలుగు పేరే.

అయినను తెలుగు అనువాదకులను తప్పుపట్టలేము. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదము ఇక్కడ 'ఫిచెస్' అని వ్రాసి, యెహెజ్కేలు 4:9లో వేరొక హెబ్రీ పదమునకు, అదియు ఒక ధాన్యమునకు, అదే మాట వాడినది. ఆర్.ఎస్.వి.లో 'డిల్', ఎన్.ఐ.వి.లో 'కారవే' ఉన్నవి. ఆంగ్లమును చూచి తెలుగును సరిదిద్దు అలవాటు ఇక్కడ మనలను మూలమునకు దూరము చేయును. ఒక చిక్కు మాత్రమున్నది: షాజీరాను కూడ కొందరు నల్ల జీలకఱ్ఱ అందురు. కనుక అడుగున 'కలోంజీ' అని ఒక మాట చేర్చిన చాలును.

ప్రవక్త దృష్టి గింజల రంగు మీద లేదు, నూర్పిడి మీద ఉన్నది. 27వ వచనములో ఈ రెంటి మీదను నూర్పిడి పనిముట్టుగాని బండిచక్రముగాని నడువదు. ఒకదానికి కఱ్ఱ, మరొకదానికి చువ్వ చాలును. చక్రము 28వ వచనములోని ఆహారధాన్యమునకే, అదియు ఎల్లకాలము కాదు. అనగా భేదము ఈ రెంటి మధ్య కాదు, ఈ చిన్న గింజలకును ధాన్యమునకును మధ్య. ప్రవక్త ఒకే ప్రక్కన నిలిపిన వాటిని మన ప్రసంగము ఎదురెదురుగా నిలుపుచున్నది.

ఆ కఱ్ఱకు, చువ్వకు మూలపదములు 'మత్తె', 'షేవెత్'. 10:5లో దేవుని ఉగ్రతకు సాధనమైన అష్షూరును గూర్చి ప్రవక్త వాడినవియు ఆ రెండు పదములే.